పురుగును చంపే బూజుకు ఆకుపచ్చ రంగు ఎక్కడిది?



వానాకాలం వచ్చిందంటే మన హాస్టల్‌లో బూజు పట్టని వస్తువు ఉండదు. ట్రంకు పెట్టె అడుగున పెట్టిన చెప్పులకు, ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి సీసా మూతకు, బాత్‌రూమ్ గోడలకు అన్నిటికీ బూజే. ఒకచోట తెల్లగా, ఒకచోట నల్లగా, ఇంకొకచోట ఆకుపచ్చగా కనిపిస్తుంది. అన్నీ బూజులే అయినప్పుడు ఇన్ని రంగులు ఎందుకు? ఆ రంగు ఒక తరం నుంచి ఇంకొక తరానికి ఎలా అందుతుంది? అసలు ఆడ, మగ కనిపించని బూజుకు వారసత్వం అనేది ఉంటుందా? పీజీలో జన్యుశాస్త్రం చదువుతుండగా మాకు బాగా ఆసక్తి కలిగించిన ప్రశ్నలివి. వీటికి జవాబు చెప్పడానికి మేము ఎంచుకున్నది పచ్చడి మీది బూజు కాదు, పురుగుల్ని చంపే బూజు. దాని పేరు మెటారైజియం. మన రైతులు కొబ్బరి తోటలో కొమ్ము పురుగు మీద వాడే ఆకుపచ్చ పొడి ఇదే.

పురుగులకు వచ్చే జబ్బు

మనుషులకు జబ్బులు వచ్చినట్టే పురుగులకూ వస్తాయి. ఈ సంగతి ముందుగా తెలిసింది పట్టుపురుగుల వల్ల. పట్టుపురుగు ఒక్కోసారి చనిపోయి, గట్టిపడి, ఒంటి నిండా సున్నం పూసినట్టు తెల్లగా అవుతుంది. ఇటలీకి చెందిన అగస్టీనో బాసీ ఈ జబ్బును ఏళ్ల తరబడి పరిశీలించి, దీనికి కారణం గాలీ కాదు, మేతా కాదు, ఒక సజీవమైన శిలీంధ్రం అని 1835లో ప్రకటించారు. సూక్ష్మజీవి వల్ల జంతువుకు జబ్బు వస్తుందని రుజువు చేసిన తొలి మనుషుల్లో ఆయన ఒకరు. పాశ్చర్, కాక్ తమ పరిశోధనలు మొదలుపెట్టకముందే ఆయన ఈ మాట చెప్పారు. ఆ తెల్ల శిలీంధ్రానికి ఆయన పేరు మీదనే బ్యూవేరియా బాసియానా అనే పేరు వచ్చింది.

తర్వాత 1879లో రష్యన్ శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ ఒడెస్సా ప్రాంతంలో గోధుమ పైరును పాడుచేసే పెంకు పురుగుల మీద మరో శిలీంధ్రాన్ని చూశారు. ఇది తెలుపు కాదు, ఆకుపచ్చ. పురుగును చంపడానికి పురుగు జబ్బునే వాడవచ్చని ఆయన ఆలోచించారు. అదే మెటారైజియం అనైసోప్లియే. మెచ్నికోవ్‌కు 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే అది ఈ పనికి కాదు, రోగ నిరోధక శక్తి మీద చేసిన పరిశోధనకు.

ఈ శిలీంధ్రం పనిచేసే తీరు చూడండి. దీని విత్తనం లాంటి కణాన్ని సిద్ధబీజం అంటాం. అది పురుగు చర్మానికి అతుక్కుంటుంది, మొలకెత్తుతుంది. కొన్ని ఎంజైములతో చర్మాన్ని మెత్తబరచి, బలంగా ఒత్తిడి చేసి లోపలికి దిగుతుంది. పురుగు దీన్ని తినాల్సిన పని కూడా లేదు, తగిలితే చాలు. లోపలికి వెళ్లాక పురుగు రక్తంలో పెరుగుతుంది, విషాలు వదులుతుంది. కొద్ది రోజుల్లో పురుగు చనిపోతుంది. అప్పుడు లోపలి తంతువులు చర్మాన్ని చీల్చుకుని బయటికి వస్తాయి. మొదట అవి తెల్లగా దూదిలా ఉంటాయి. వాటి మీద సిద్ధబీజాలు తయారైన తర్వాతనే పురుగు ఆకుపచ్చగా మారుతుంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆకుపచ్చ రంగు శిలీంధ్రం ఒళ్లంతా ఉండదు. అది సిద్ధబీజాలకే ఉంటుంది. పురుగు లోపల చీకట్లో పెరిగే భాగానికి రంగు లేదు, బయట వెలుతురులోకి వెళ్లాల్సిన బిడ్డలకు రంగు ఉంది. ఎందుకు?

రంగు అంటే గొడుగు

ఎండలో అతినీలలోహిత కిరణాలు ఉంటాయని మనం పదో తరగతిలోనే చదువుకున్నాం. అవి సిద్ధబీజంలోని డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. నేరుగా ఎండ తగిలితే మెటారైజియం సిద్ధబీజాల్లో చాలా భాగం కొన్ని గంటల్లోనే చచ్చిపోతాయి. వాటి గోడలో ఉన్న రంగు పదార్థం కొంతవరకు ఆ కిరణాలను అడ్డుకుంటుంది.

ఇది ఊహ కాదు, పరీక్షించి చూసిన విషయం. ఆకుపచ్చ మెటారైజియం నుంచి ఉత్పరివర్తనం వల్ల పసుపు, ఊదా, తెలుపు రంగుల సిద్ధబీజాలు ఇచ్చే రకాలు పుట్టాయి. 2006లో బ్రెజిల్, అమెరికా శాస్త్రవేత్తలు వీటన్నిటినీ ఎండలాంటి కృత్రిమ కాంతి కింద పెట్టి చూశారు. అన్నిటికన్నా ఎక్కువగా తట్టుకున్నది అసలైన ఆకుపచ్చ రకం. అందరికన్నా ముందు ఓడిపోయింది తెల్ల రకం. మిగతావి ఈ రెండింటికి మధ్యలో నిలిచాయి. అంటే రంగు ఇక్కడ అలంకారం కాదు, ప్రాణరక్షణ. కనుక ఆ రంగు తర్వాతి తరానికి సరిగ్గా అందుతుందా లేదా అనేది ఆ శిలీంధ్రానికి చావుబతుకుల సమస్య. దాన్ని కొని పొలంలో చల్లే రైతుకు డబ్బు సమస్య.

పెళ్లి లేని వంశం

బఠాణీ మొక్కలో మెండెల్ సూత్రాలు ఇంటర్ బైపీసీ వాళ్లందరికీ కంఠతా వచ్చు. పుప్పొడి, అండం కలుస్తాయి, మొదటి తరంలో బహిర్గత లక్షణం వస్తుంది, రెండో తరంలో 3:1 నిష్పత్తి వస్తుంది. కానీ మెటారైజియంలో లైంగిక దశ కనిపించడం చాలా అరుదు. మామూలుగా అది సిద్ధబీజాల ద్వారానే తన నకళ్లను తాను తయారు చేసుకుంటూ పోతుంది. పైగా అది ఏకస్థితిక జీవి. అంటే మనకు ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు ఉంటే దానికి ఒక్కటే ఉంటుంది. ఆ ఒక్కటి చెడితే దాచడానికి రెండోది లేదు. అందుకే రంగు జన్యువు పాడైతే వెంటనే బయటికి కనిపిస్తుంది.

మరి సంకరణం లేకుండా, ఏ రంగుకు ఏ జన్యువు కారణమో తెలుసుకోవడం ఎలా? ఈ చిక్కుముడిని విప్పిన మనిషి గురించి మన హాస్టల్ విద్యార్థులు తప్పకుండా తెలుసుకోవాలి. ఆయన పేరు గుయిడో పాంటెకోర్వో. 1907లో ఇటలీలోని పీసా నగరంలో యూదు కుటుంబంలో పుట్టారు. అక్కడ వ్యవసాయ శాఖలో పశువుల అభివృద్ధి మీద పనిచేసేవారు. 1938లో ఇటలీ ప్రభుత్వం జాతి చట్టాలు తెచ్చింది. యూదుడుగా పుట్టినందుకు ఆయన ఉద్యోగం పోయింది. దేశం విడిచి స్కాట్లండ్ వెళ్లారు. అక్కడ డాక్టరేట్ చేసి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డారు. పుట్టుకను చూపించి మనిషిని బయటికి నెట్టిన కాలంలోనే, పుట్టుక నిజంగా ఎలా పనిచేస్తుందో ఆ మనిషి ప్రయోగశాలలో కూర్చుని తేల్చాడు.

1952లో పాంటెకోర్వో, ఆయన సహచరుడు రోపర్ కలిసి ఆస్పర్జిల్లస్ నిడులాన్స్ అనే బూజులో ఒక వింత కనిపెట్టారు. ఈ బూజు మామూలు సిద్ధబీజాలు కూడా ఆకుపచ్చే. దానిలో తెల్ల రకం ఒకటి, పసుపు రకం ఒకటి ఉన్నాయి. రెండింటినీ పక్కపక్కన పెంచితే వాటి తంతువులు ఒకదానితో ఒకటి అతుక్కుని, ఒకే తంతువులో రెండు రకాల కేంద్రకాలు కలిసి ఉండే స్థితి వస్తుంది. దీన్ని భిన్నకేంద్రక స్థితి అంటారు. అప్పుడు దాని మీద తయారయ్యే సిద్ధబీజాలు ఏ రంగులో ఉండాలి? కొన్ని తెల్లగా, కొన్ని పసుపుగా వచ్చాయి. ఒక్కో సిద్ధబీజంలో ఒక్క కేంద్రకమే ఉంటుంది కనుక ఎవరి కేంద్రకం వెళితే వారి రంగు వచ్చింది.

కానీ ఎప్పుడో ఒకసారి, చాలా అరుదుగా, రెండు కేంద్రకాలు కలిసి ఒకటైపోతాయి. ద్వయస్థితిక కేంద్రకం ఏర్పడుతుంది. అలాంటి కేంద్రకం ఉన్న సిద్ధబీజాలు తెలుపూ కాదు, పసుపూ కాదు, చక్కని ఆకుపచ్చ! తల్లిదండ్రులు ఇద్దరిలో ఎవరికీ లేని రంగు బిడ్డకు వచ్చింది.

మెస్సులో పప్పు వండినట్టు

ఇది మాయ కాదు. మన మెస్సు వంటతో పోల్చి చూద్దాం. పప్పు కావాలంటే రెండు పనులు జరగాలి. మొదట పప్పు ఉడకాలి, తర్వాత తాళింపు పడాలి. ఒక హాస్టల్‌లో వంటమనిషికి పప్పు ఉడికించడం రాదు, తాళింపు మాత్రం వచ్చు. ఇంకొక హాస్టల్‌లో వంటమనిషి పప్పు ఉడికిస్తాడు కానీ తాళింపు వేయడం రాదు. మొదటి హాస్టల్‌లో అసలు పప్పే లేదు. రెండో హాస్టల్‌లో తాళింపు లేని చప్పటి పప్పు ఉంది. ఇద్దరినీ ఒకే వంటగదిలో పెట్టండి. ఘుమఘుమలాడే పప్పు తయారవుతుంది. ఇద్దరిలోనూ లోపం ఉంది, కానీ లోపాలు వేరువేరు. ఒకరి లోపాన్ని ఇంకొకరి పనితనం పూరించింది.

బూజులోనూ అంతే. మొదటి జన్యువు చేయించే ఎంజైము రంగులేని పదార్థం నుంచి పసుపు పదార్థాన్ని తయారు చేస్తుంది. రెండో జన్యువు చేయించే లాకేజ్ అనే ఎంజైము ఆ పసుపును ఆకుపచ్చగా మారుస్తుంది. మొదటిది చెడితే తెలుపు, రెండోది చెడితే పసుపు. భిన్నకేంద్రక స్థితిలో ఇద్దరు వంటవాళ్లు ఒకే కాంపౌండులో ఉన్నారు గానీ, సిద్ధబీజం తయారయ్యేటప్పుడు ఎవరి వంటగదికి వాళ్లు వెళ్లిపోతున్నారు. ద్వయస్థితికలో ఇద్దరూ ఒకే వంటగదిలో ఉన్నారు. అదే తేడా.

మరి రెండు జన్యువులూ చెడిన రకం ఏ రంగులో ఉంటుంది? తెలుపే. పప్పే ఉడకనప్పుడు తాళింపు వచ్చినా, రాకపోయినా ఒకటే కదా! అందువల్ల ఈ రెండు జన్యువులూ వేరువేరు క్రోమోజోముల మీద ఉన్న ఆస్పర్జిల్లస్‌లో తెలుపును, పసుపును సంకరణం చేసి ఏకస్థితిక సంతానాన్ని లెక్కపెడితే ఆకుపచ్చ 1, పసుపు 1, తెలుపు 2 వంతున వస్తాయి. బైపీసీ మిత్రులు దీన్ని ద్వయస్థితిక జీవుల్లో చదివే 9:3:4 నిష్పత్తితో పోల్చి చూసుకోండి. సూత్రం ఒకటే, ప్రతుల సంఖ్యలోనే తేడా.

ఆ ఆకుపచ్చ ద్వయస్థితిక కూడా శాశ్వతం కాదు. పెరిగేకొద్దీ ఆకుపచ్చ మధ్యలో అక్కడక్కడ తెల్ల మచ్చ, పసుపు మచ్చ తేలుతాయి. సమవిభజన జరిగేటప్పుడు క్రోమోజోముల ముక్కలు మారడం వల్ల కొన్ని, క్రోమోజోములు ఒక్కొక్కటిగా జారిపోయి మళ్లీ ఏకస్థితికకు రావడం వల్ల కొన్ని వస్తాయి. ఆ క్రమంలో ఇద్దరి జన్యువులూ కొత్తగా కలుస్తాయి. ఆడ, మగ లేకుండా, క్షయకరణ విభజన లేకుండా జరిగే ఈ కలయికను పారాసెక్సువల్ చక్రం అన్నారు. దాన్ని పట్టించింది బూజు రంగే. రంగు కంటికి కనిపిస్తుంది కాబట్టి వేలాది సిద్ధబీజాల మధ్య జరిగిన మార్పును ఒక్క చూపుతో గుర్తించగలిగారు.

మళ్లీ మెటారైజియం దగ్గరికి

బ్రెజిల్‌లో చెరకు తోటలను పాడుచేసే రసం పీల్చే పురుగుల మీద మెటారైజియంను పెద్ద ఎత్తున వాడతారు. అందుకే దాని జన్యుశాస్త్రం మీద ఆ దేశంలో ఎక్కువ పని జరిగింది. 1980లో మెసియాస్, అజెవేదో అనే బ్రెజిల్ శాస్త్రవేత్తలు, అదే ఏడాది విడిగా అల్ ఐద్రూస్ అనే శాస్త్రవేత్త మెటారైజియంలోనూ పారాసెక్సువల్ చక్రం ఉందని చూపించారు. రంగు మారిన రకాలను, సొంతంగా కొన్ని పోషకాలు తయారు చేసుకోలేని రకాలను జతచేసి ఈ పని చేశారు. ఆ పోషకం లేని మాధ్యమంలో రెండూ విడివిడిగా పెరగలేవు. కలిస్తేనే పెరుగుతాయి. అంటే కలిసినవాటిని వెతకాల్సిన పని లేదు, బతికినవన్నీ కలిసినవే. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. అయితే మెటారైజియంలో ద్వయస్థితిక దశ అంత స్థిరంగా ఉండదు. చాలాసార్లు అది నిలవకుండానే కొత్త కలయికలు బయటికి వస్తాయని 1991లో బ్రెజిల్ పరిశోధకులే తెలిపారు.

ఆ తర్వాత కాలం మారింది. 2011లో మెటారైజియం జన్యుపటం మొత్తం ప్రచురితమైంది. ఇప్పుడు సంకరణం చేయకుండానే నేరుగా ఒక జన్యువును పనిచేయకుండా చేసి ఏమవుతుందో చూడవచ్చు. 2010లో ఒక లాకేజ్ జన్యువును అలా తీసేస్తే సిద్ధబీజాల రంగు దెబ్బతింది. దాంతోపాటు కష్టపరిస్థితులను తట్టుకునే శక్తీ, పురుగుకు జబ్బు కలిగించే శక్తీ తగ్గాయి. 2018లో ఇంకా ఆసక్తికరమైన సంగతి బయటపడింది. ఈ శిలీంధ్రాల పూర్వీకుల్లో రంగుకు సంబంధించిన ఒక జన్యు సముదాయం ఎప్పుడో రెండు ప్రతులైంది. ఒక ప్రతి రంగు తయారీ పని చూసుకుంటూ ఎండ, వేడి నుంచి సిద్ధబీజాన్ని కాపాడుతోంది. రెండోది పురుగు చర్మాన్ని ఛేదించే పనికి మళ్లింది. ఒకే ఆస్తిని ఇద్దరు అన్నదమ్ములు పంచుకుని, ఒకరు వ్యవసాయంలో, ఒకరు వేరే వృత్తిలో స్థిరపడినట్టు!

రంగు మారితే జన్యువు మారినట్టేనా?

ఇది ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. ప్రయోగశాలలో మెటారైజియంను అదే పనిగా ఒక పళ్లెం నుంచి ఇంకొక పళ్లేనికి మారుస్తూ పోతే కొన్నాళ్లకు తెల్లని దూది లాంటి భాగాలు కనిపిస్తాయి. చూడగానే రంగు జన్యువు చెడిందనిపిస్తుంది. చాలాసార్లు జరిగేది వేరు. అక్కడ సిద్ధబీజాలే తయారు కావడం లేదు. బీజాలే లేనప్పుడు రంగు ఎక్కడి నుంచి వస్తుంది? ఇలా బలహీనపడిన శిలీంధ్రాన్ని ఒకసారి పురుగు మీద పెంచి మళ్లీ తీసుకుంటే చాలా సందర్భాల్లో కోలుకుంటుంది.

అలాగే మేత చాలకపోయినా, తేమ సరిపోకపోయినా, పూర్తిగా ముదరకపోయినా రంగు పాలిపోతుంది. అది వారసత్వం కాదు. తేల్చుకోవడం ఎలా? పాలిపోయినదాన్నీ, మంచిదాన్నీ తీసుకుని రెండింటికీ ఒకే మేత, ఒకే వెలుతురు, ఒకే వేడి ఇచ్చి కొన్ని తరాలు పెంచాలి. అప్పుడు కూడా తేడా నిలిస్తే అది జన్యువులో ఉన్నట్టు. తేడా మాయమైతే అది పెరిగిన చోటులో ఉన్నట్టు. సమానమైన పరిస్థితులు ఇవ్వకుండా వారసత్వం గురించి మాట్లాడే హక్కు జన్యుశాస్త్రంలో ఎవరికీ లేదు.

ఈ మాటను మేము కొంచెం గట్టిగానే చెప్పదలుచుకున్నాం. "చదువు రక్తంలో ఉండాలి" అన్న మాట మనలో చాలామంది ఎక్కడో ఒకచోట విన్నవాళ్లమే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి తరం మేమే. మాకూ ఒకచోట ఒక పెద్దమనిషి ఆ మాట అన్నారు. ఒక బూజు రంగు విషయంలోనే శాస్త్రవేత్తలు అన్ని పరీక్షలు చేశాక గాని 'ఇది వారసత్వం' అని అనరు. సన్నబియ్యం అన్నం, ప్రత్యేక గది, ట్యూషన్ మాస్టారు ఉన్న పిల్లవాడినీ, నాలుగు మైళ్లు నడిచి బడికి వెళ్లిన పిల్లవాడినీ పక్కపక్కన నిలబెట్టి రక్తం గురించి తీర్పు చెప్పడం శాస్త్రం కాదు. బూజు మనిషి కాదు, ఆ సంగతి మాకు తెలుసు. కానీ పరీక్ష పద్ధతి రెండుచోట్లా ఒకటే.

రైతుకు పనికివచ్చే మాటలు

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ విషయాలు పెద్దవాళ్లకు చెప్పండి. మెటారైజియం, బ్యూవేరియా పొడులు ప్రాణమున్న మందులు. వాటిని ఎండలో, రసాయన మందుల డబ్బాల పక్కన ఉంచకూడదు. తయారైన తేదీ చూసి కొనాలి. ఆకుపచ్చ గొడుగు ఉన్నా మధ్యాహ్నపు ఎండకు అది చాలదు కనుక సాయంత్రం పూట, నేలలో తేమ ఉన్నప్పుడు వాడాలి. కొబ్బరి కొమ్ము పురుగు పిల్లలు పెంటకుప్పల్లో పెరుగుతాయి కాబట్టి మెటారైజియంను పెంటకుప్పలో కలిపితే ఎక్కువ మేలు. అక్కడ నీడా ఉంటుంది, తేమా ఉంటుంది. బ్యూవేరియా పుట్టుకతోనే తెల్లనిది, అది తెల్లగా ఉందని పాడైపోయిందనుకోవద్దు. హిందూపురం, మడకశిర వైపు పట్టుపురుగులు పెంచే కుటుంబాల వాళ్లు మాత్రం బ్యూవేరియాకు దూరంగా ఉండాలి. మల్బరీ తోట దగ్గర దాన్ని చల్లితే బాసీ చూసిన జబ్బే మన తట్టల్లోకి వస్తుంది. ఏ పొడి చల్లినా ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి.

జూనియర్లకు ఒక చిన్న పని చెబుతాం. వానలు పడ్డాక చేలో, తోటలో చచ్చి గట్టిపడిన పురుగు కనిపిస్తే పుల్లతో తీసి, తడి దూది వేసిన గాజు సీసాలో పెట్టి మూత వదులుగా ఉంచండి. రోజూ ఒకే వేళకు చూసి నోటుబుక్కులో తేదీ, రంగు రాసుకోండి. వాసన చూడవద్దు, చేతులు సబ్బుతో కడుక్కోండి. మొదట తెల్లగా వచ్చి, తర్వాత ఆకుపచ్చకు తిరిగితే అది మెటారైజియం కావచ్చు. తెల్లగానే పిండిలా ఉండిపోతే బ్యూవేరియా కావచ్చు. కాలేజీ లాబ్‌లో సూక్ష్మదర్శిని కింద పెట్టి చూపించమని మీ జువాలజీ, బోటనీ లెక్చరర్లను అడగండి. అడగడానికి మొహమాటపడకండి. ప్రశ్న అడిగే హక్కు ఎవరి వంశానికీ రాసిచ్చిన ఆస్తి కాదు.